మూడో శత్రువు

పోయిన వారం లూర్దమ్మ గంజిగిన్నె ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ కూచున్న చోట ఆపేశాను. మొదటి నుంచీ చదువుతున్న వాళ్లు నన్ను తిట్టుకునే ఉంటారు. పత్రిక ఇవాళే చేతికొచ్చిన వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

నర్సీపట్నం మిషన్ బోర్డింగులో సువర్ణ అని పద్నాలుగేళ్ల పిల్ల. తండ్రి ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవాడు. కూతుర్ని బోర్డింగులో చేర్పించిన ఏడాదే జ్వరమొచ్చి పోయాడు. తల్లి పైడమ్మ నక్కపల్లిలో తమ్ముడి పంచన చేరింది. మొన్న వానాకాలంలో సువర్ణ పెద్దమనిషయింది. ఆ తరవాత ఏం పుట్టిందో ఏమో, తిండి తగ్గించేసింది. ముందు రాత్రి పూట మానేసింది, తరవాత పగలూ మానేసింది, ఇప్పుడు మరీ కాళ్లావేళ్లా పడితే రెండు గుక్కల మజ్జిగ.

ఇది చూసి ఉపదేశి ఏసుపాదంగారు భయపడలేదు సరికదా, పొంగిపోయాడు. తెల్లదొర ఫాదరీ, అదే మన దొరస్వామి, ఊళ్లో లేనప్పుడు గుడిలో ప్రార్థన నడిపించేదీ, పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేదీ ఆయనే. "మన మధ్య ఒక పునీతురాలు వెలసింది" అని ఆదివారం నాడు అందరి ముందూ అనేశాడు. ఇంకేం కావాలి! మన క్రైస్తవులే కాదు, బడిపంతులు సూర్యనారాయణమూర్తిగారి భార్య శ్యామలాంబగారు కూడా కొబ్బరికాయా అరటిపళ్లూ పట్టుకొచ్చి, పిల్లకు దణ్ణం పెట్టుకుని మరీ వెళ్లింది. ఇదేం పిచ్చిరా నాయనా అని మొత్తుకున్నది ఒక్క లూర్దమ్మే. బోర్డింగు ఆడపిల్లలందరినీ కనిపెట్టుకుని ఉండే మనిషి ఆవిడ. మొగుడు పోయాక పుట్టింటికి వెళ్లకుండా ఈ పిల్లల్లోనే ఉండిపోయింది. నోరు పెద్దది. గిన్నె పట్టుకుని వెంటపడే ఓపికా పెద్దదే. ఆ ఓపిక కూడా పోయిన వారం అయిపోయింది.

ఇక ఇవాళ్టి సంగతి.

శనివారం మధ్యాహ్నం తిరిగిన వేళ. పిల్లలందరూ ఏటికి బట్టలు ఉతకడానికి పోయారు. లోపల చాప మీద సువర్ణ ఒక్కతే పడుకుని ఉంది. లూర్దమ్మ వాకిట్లో కూచుని బియ్యంలో రాళ్లు ఏరుతుంటే ఏసుపాదం వచ్చాడు.

"లూర్దమ్మగారూ, ఆ పిల్లని బయటికి తీసుకురండి."

రోజూ అక్కను పిలిచినట్టు "అప్పా" అని పిలిచే మనిషి ఇవాళ "లూర్దమ్మగారూ" అన్నాడు. ఆవిడ చేట పక్కన పెట్టి లేచి నిలబడింది.

"ఎందుకు బావూ? లెగలేకపోతన్నాది."

"లెగలేకపోతే పట్టుకుని తీసుకురండి."

"సంగతేటో నాకు సెప్పు ముందు."

ఏసుపాదం అటూ ఇటూ చూశాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. చదువుకున్న మనిషి కదా, మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా గుడిలో ప్రసంగం చేస్తున్నట్టు మాట్లాడతాడు. కోపమొస్తే మాత్రం పుట్టిన ఊరి భాష బయటికొచ్చేస్తుంది. ఇప్పుడు అదే వచ్చింది.

"నూకాలు సెప్పినాది. ఆ వంట నూకాలు. పెరటి కంచె మీద అందరి గుడ్డలూ ఆరతన్నాయట. ఈ గుంట గుడ్డలు మట్టుకు కనపడ్డం లేదట. ఎన్నాళ్లో అయిందట. బోధపడిందా?"

లూర్దమ్మకు బోధపడింది. అలా బోధపడ్డందుకు ఒళ్లు మండిపోయింది.

"ఛీ!" అంది. "నోరు కడుక్కో!"

"నేనా కడుక్కోవాలి? పునీతురాలని గుడిలో నిలబడి నా నోటితో సెప్పేను! రేపు దొరస్వామి వస్తన్నారు. యలమంచిలిలో రైలు దిగీసేరట. ఈ మన్యం పితూరీ గొడవకి పోలీసులు దారిలో బళ్లు ఆపతన్నారు గానీ లేకపోతే ఈ పాటికే ఇక్కడుందురు. ఏటని సెప్పను ఆయనకి? ఊరోళ్లు నా మొహాన ఉమ్మీరూ?"

"నీ మొహం సంగతి తరవాత సూద్దాం. ఇప్పుడేటి సేద్దామని?"

"సీతాలుకి కబురెట్టేను. వచ్చి పిల్ల ఒళ్లు సూసి, ఔనో కాదో తేల్చి సెప్పీసి పోతాది. కాదంటే సరే. ఔనంటే, దొరస్వామి రాకముందే బోర్డింగు దాటించీయాలి."

సీతాలు మంత్రసాని. ఊళ్లో సగంమంది ఆవిడ చేతుల మీదే భూమ్మీద పడ్డారు. ఏసుపాదం మాట నోట్లో ఉండగానే గేటు దగ్గర కనపడింది. అడ్డపొగ చుట్ట నోట్లో పెట్టుకుని, గబగబా వచ్చి గోడ నీడన చతికిలబడింది. లూర్దమ్మ ఆవిణ్ణి చూసి ఒక్క అంగలో వెనక్కెళ్లి గుమ్మానికడ్డంగా కూచుంది. సన్నగా ఉండే మనిషి కాదు. ఆవిడ కూచుంటే గుమ్మం నిండిపోయింది.

"లోపలికి ఎవరూ ఎల్లరు. ఎల్లాలంటే నన్ను తొక్కి ఎల్లాలి."

"అప్పా!" అన్నాడు ఏసుపాదం, పాత పిలుపు దానంతటదే వచ్చేసింది. "ఏటిది?"

"నీకు తెల్దు బావూ. నువ్వు మొగాడివి, పైగా ఉపదేశివి. నేను సెప్తాను, చెవులు మూసుకోకుండా విను. కరువొచ్చిన ఏడు మా అమ్మకి ఆగిపోయింది. మా అత్తకీ ఆగిపోయింది. ఊళ్లో ఏ ఆడదీ ఆ ఏడు బయట కూచోలేదు. కడుపులో కూడుంటే కదా ఒంట్లో నెత్తురుండ్డానికి! నాలుగు మెతుకులు తినని గుంటకి నెలనెలా ఎక్కణ్నించొస్తాది?"

ఏసుపాదం చెవులు మూసుకోలేదు గానీ కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి తెరిచాడు.

"సరే. నువ్వు సెప్పిందే నిజమనుకుందాం. సీతాలు సూసి అదే సెప్తాది గదా? మచ్చ పోతాది గదా? మరి భయమెందుకు?"

నిజం చెప్పాలంటే ఈ మాటకు లూర్దమ్మ తడబడింది. తర్కానికి తిరుగులేదు. పది నిమిషాల్లో తేలిపోయే పని. నలుగురి నోళ్లూ మూతపడతాయి. అయినా ఆవిడకు గుమ్మంలోంచి లేవబుద్ధి కాలేదు. ఎందుకో తనకే తెలీక ఒక్క క్షణం నేల చూసింది. తరవాత తల ఎత్తింది.

"దాన్ని అడిగేవా?"

"దేన్ని?"

"ఆ గుంటని. ఒళ్లు సూపిస్తావా అమ్మా అని దాన్ని అడిగేవా?"

"పిల్లని అడగడమేటి!" అన్నాడు ఏసుపాదం. ఆయన కోపంతో అనలేదు. నిజంగానే అర్థం కాక అన్నాడు. ఆ తాలూకాలో అప్పటిదాకా ఏ పిల్లనూ ఏ విషయంలోనూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు మరి. ఆయన తప్పేముంది!

"అడగాలి. అది ఒప్పుకుంటే సీతాలు ఎల్తాది. ఒప్పుకోకపోతే నువ్వూ నేనూ దొరస్వామీ కలిసొచ్చినా ఆ పిల్ల మీద సెయ్యి పడదు."

"సూడమంటారా మానీమంటారా?" అంది సీతాలు గోడ దగ్గర నుంచి, నోట్లోంచి చుట్ట తియ్యకుండానే. "బేగి సెప్పండి. బలిగట్టంలో ఒకత్తి నొప్పులు పడతన్నాది."

ఎవరూ జవాబు చెప్పకముందే లోపల నుంచి గొంతు వినపడింది. గొంతు అనడం కూడా ఎక్కువే.

"పెద్దమ్మా."

లూర్దమ్మ లేచింది. ఏసుపాదానికి వేలు చూపించింది. "ఇక్కడే నిలబడు. గడప దాటేవంటే దొరస్వామితో నేనే సెప్తాను, ఎవరేటి సేసేరో." లోపలికి వెళ్లి చాప పక్కన కూచుంది. తలుపు వెయ్యలేదు. ఏసుపాదానికి అన్నీ వినపడుతూనే ఉన్నాయి.

సువర్ణ గోడవైపు తిరిగి పడుకుంది. చేతి ఎముకలు లెక్కపెట్టేటట్టున్నాయి.

"నేనేటీ తప్పు సెయ్యలేదు పెద్దమ్మా."

"నాకు తెలుసే."

"ఆవిణ్ణి రానీకు."

"రానివ్వను. ఒట్టు. కానీ నువ్వు నాకొక్క మాట సెప్పాలి. ఎందుకు తినవే? దేవుడి కోసమా? ఎవరన్నా ఏటన్నా అన్నారా?"

సువర్ణ మెల్లిగా ఇటు తిరిగింది. ఆ పిల్ల మొహంలో భక్తీ లేదు, మొండితనమూ లేదు. బళ్లో లెక్క సరిగ్గా చేసి చూపిస్తున్న పిల్ల మొహంలా ఉంది.

"శత్రువుకి కూడెడతారేటి పెద్దమ్మా?"

"శత్రువేటే?"

"ఉపదేశిగారు సెప్పేరు కదా. మా పెద్ద కలాసుకి. ఆత్మకి శత్రువులు ముగ్గురని. పిశాచి, లోకం, శరీరం. రోజూ అప్పజెప్పించుకునేవారు." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "పిశాచిని నేనెప్పుడూ సూళ్లేదు. లోకమంటే ఎంతుంటాదో నాకు తెల్దు. మూడోదొక్కటే నాకు సేతికందేది. దానికి కూడెడితే బలిసిపోదా? అందుకే మానీసేను."

గుమ్మం బయట ఏసుపాదం తలుపు చట్రం పట్టుకున్నాడు.

లూర్దమ్మ పిల్ల నెత్తి మీద చెయ్యి వేసింది. "అదొక్కటే కాదే. ఇంకేటో ఉన్నాది. ఈ పాఠం అందరూ అప్పజెప్పేరు. నువ్వొక్కత్తివే ఎందుకు మానేవు?"

ఈసారి సువర్ణ కళ్లలో నీళ్లొచ్చాయి.

"నేను పెద్దదాన్నయినప్పుడు మావొచ్చేడు కదా. ఇదిగో ఈ వాకిట్లోనే నన్ను నిలబెట్టి, కింద నుంచి మీదికి సూసేడు. సంతలో సూసినట్టు. 'సరుకు తయారైపోనాది, నూర్పులవ్వగానే తీసుకుపోతాను' అన్నాడు. నువ్వప్పుడు లోపలున్నావు." పిల్ల మొహం చేతుల్లో దాచుకుంది. "మావకి ఇదే కదా కావాలి పెద్దమ్మా. ఆత్మ అక్కర్లేదు కదా. ఇది ఎండిపోతే మరి రాడు. ఉపదేశిగారు కూడా ఇది శత్రువనే అన్నారు. ఇద్దరికీ సరిపోయింది."

మావంటే పైడమ్మ తమ్ముడు మంగరాజు. సారాకొట్టు పాటదారు. పెళ్లాం చచ్చిపోయింది. మేనకోడలి మీద హక్కు తనదేనని నక్కపల్లంతా చెప్పుకు తిరుగుతున్నాడు. క్రైస్తవంలో మేనమామకి ఇవ్వడం కుదరదని లూర్దమ్మ ఎన్నిసార్లు చెప్పినా, "మీ మతం మీదీ, మా పిల్ల మాదీ" అనేవాడు.

లూర్దమ్మ ఏడ్చేసే మనిషే. కానీ ఏడవలేదు. కొంగు బిగించి దోపుకుంది. పిల్లను భుజాలు పట్టి లేపి గోడకానించి కూచోబెట్టింది.

"ఒలే, నన్ను సూడు. నీకు జ్ఞానస్నానమిచ్చినప్పుడు నీళ్లెక్కడ పోసేరు?"

"నెత్తి మీద."

"నూనె ఎక్కడ రాసేరు?"

"భుజాల నడుమ."

"దేవుడి శరీరమని ఇచ్చే సత్ప్రసాదం ఎక్కడెడతారు?"

"నాలిక మీద."

"నాలిక ఎవరిదే? ఆత్మకి నాలికుంటాదా?" లూర్దమ్మ గొంతు పెరిగింది. "శత్రువు నాలిక మీద దేవుణ్ణి పెడతారా ఎక్కడన్నా? దొరస్వామికి మతి పోయిందనుకున్నావేటే?"

సువర్ణ రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఈ లెక్క ఆ పిల్ల చెయ్యలేదు.

"దేవుడు మనకాడికి రావాలనుకున్నప్పుడు పొగలాగొచ్చేడా? మరియతల్లి కడుపున పడ్డాడు. ఒళ్లు తెచ్చుకున్నాడు, అచ్చం ఇలాటిదే, ఆకలేసేదీ సలేసేదీ. ఏడిచేడు, పాలు తాగేడు. పాడుదైతే తొడుక్కునేవోడేనా? సచ్చిపోయినా దాన్ని ఒదిలీలేదు, లేపి తనతో తీసుకుపోయేడు. నీదీ అంతే, కడదినాన లేపుతాడు. దాన్ని నువ్వు ఎండబెట్టీసి, ఏ మొహంతో ఇస్తావే ఆయనకి?" ఆగింది. గొంతు తగ్గించింది. "మీ మావది తప్పు. సరుకు కాదు అది. ఉపదేశిగారు సెప్పిందీ తప్పే, శత్రువూ కాదు. నువ్వేనే అది. నువ్వు."

గుమ్మంలోంచి ఏసుపాదం కలగజేసుకున్నాడు. "నేను... నేను సెప్పింది చెడ్డ కోరికల గురించి అప్పా. మనిషిని పాపానికి లాగే బుద్ధి ఉంటాది కదా, దాన్నే శరీరం అంటారు. పెద్దలు నాకలాగే నేర్పించేరు."

"నువ్వేటనుకున్నావో నాకెందుకు? నువ్వన్నది శరీరమని. గుంట విన్నది శరీరమని. ఇప్పుడే ఒంట్లో మార్పులొచ్చి బెదిరిపోయి ఉన్న ఆడపిల్లలకి ఆ ముక్క సెప్పి, అర్థం సెప్పకుండా అప్పజెప్పించుకున్నావు. తిండి మానితే దండలేసేవు. ఇప్పుడు ఒళ్లు సూపించమంటన్నావు."

ఏసుపాదం గోడకానుకుని అలాగే కిందికి జారి కూచున్నాడు. మంచివాడే పాపం, చెడ్డవాడైతే ఇంత తేలిగ్గా కూలబడడు. తరవాత లేచి గోడ దగ్గరికి వెళ్లాడు.

"ఎల్లు సీతాలూ. నీతో పని లేదు. బలిగట్టం ఎల్లు."

"ఈ ముక్క సెప్పడానికి ఇంతసేపా!" అని గొణుక్కుంటూ సీతాలు లేచి వెళ్లిపోయింది. లూర్దమ్మ అయిపోయిందనుకుంది. కానీ ఏసుపాదం మళ్లీ గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. కళ్లెత్తి చూడడం లేదు.

"అప్పా. నూకాలు నాకు మొన్ననే సెప్పినాది."

"అయితే?"

"కోపంలో ఉన్నాను. బుర్ర పని చెయ్యలేదు. నక్కపల్లికి కబురు పంపీసేను. పిల్లని తీసుకుపొమ్మని, దాని మావకి."

లూర్దమ్మ చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది. "ఓరి దిక్కుమాలినోడా! ఎప్పటికొస్తాడు?"

"ఇవాళ. ఈ పాటికి రావాలి."

ఇద్దరూ లోపలికి చూశారు. సువర్ణ అంతా వింది. ఏడుస్తుందనుకున్నారు, కళ్లు తిరిగి పడిపోతుందేమోననుకున్నారు. పిల్ల రెండూ చెయ్యలేదు.

"పెద్దమ్మా. గంజి ఉందా?"

లూర్దమ్మ విన్నది నిజమో కాదో తేల్చుకోలేక అలాగే చూస్తోంది.

"మావతో నేనే మాటాడతాను. ఇలా పడుకుని మాటాడితే మూటలాగ ఎత్తి బళ్లో పడేసుకుని పోతాడు. నిలబడాలి. నిలబడాలంటే ఓపిక కావాలి కదా. పెట్టు."

లూర్దమ్మ ఎలా లేచిందో, ఎలా పొయ్యి దగ్గరికి పరిగెత్తిందో ఆవిడకే తెలీదు. అన్నం ఒక్కసారిగా పెడితే ప్రాణానికే మోసమని తెలుసు కాబట్టి పల్చటి గంజిలో చిటికెడు ఉప్పేసి తెచ్చింది. సువర్ణ మొదటి గుక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. మింగడానికి అవస్థపడింది. దగ్గింది. సగం కక్కేసింది. లూర్దమ్మ కొంగుతో మూతి తుడిచింది.

"మెల్లిగా తల్లీ. మెల్లిగా."

ఇంకో గుక్క. అది నిలిచింది. ఇంకోటి. ఏసుపాదం గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి, జపం చెబుతున్నాడో తనను తాను తిట్టుకుంటున్నాడో మనకు తెలీదు. గిన్నె సగం కాకముందే వీధిలోంచి ఎడ్ల మువ్వలు వినపడ్డాయి.

"నేను ఎల్లి సెప్తాను," అన్నాడు ఏసుపాదం. "నేను పిలిచేను, నేనే పొమ్మంటాను."

"వద్దండి," అంది సువర్ణ. గిన్నె కింద పెట్టింది. ఒక చేత్తో గోడ పట్టుకుంది, ఇంకో చేత్తో లూర్దమ్మ భుజం పట్టుకుంది. కాళ్లు వణుకుతున్నాయి. లేచింది. ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. అక్కడ లూర్దమ్మ భుజం మీది చెయ్యి తీసేసింది.

బండి గేటు ముందు ఆగింది. మంగరాజుతో ఏమనాలో ఆ పిల్ల లోపల్లోపల కూడబలుక్కుంటోందని మొహం చూస్తే తెలుస్తోంది. కానీ ముందు దిగింది మంగరాజు కాదు. పైడమ్మ. చేతిలో గుడ్డమూట. దిగుతూనే తలెత్తి గుమ్మంలో ఉన్న కూతుర్ని చూసింది.

"ఓలమ్మ ఓలమ్మ! నా గుంటకి ఏటైపోనాదీ!"

మూట చేతిలోంచి జారిపోయింది. అంచులకు పసుపు రాసిన కొత్తచీర మట్టిలో పడింది. పైడమ్మ పరిగెత్తబోయింది. అప్పుడే బండి దిగిన మంగరాజు వెనక నుంచి అక్క జబ్బ మీద చెయ్యేశాడు. గట్టిగా ఏమీ వెయ్యలేదు. ఆవిడ ఉన్నచోటే ఆగిపోయింది.

సువర్ణ మావ వైపు చూడనైనా చూడలేదు. అనుకున్న మాటలన్నీ ఎటు పోయాయో. తల్లినే చూస్తూ అడిగింది.

"అమ్మా. నన్ను ఇమ్మని మావ అడిగేడు. ఇస్తానని నువ్వన్నావా?"

పైడమ్మ తమ్ముడి మొహం చూసింది. తల దించుకుంది.

"అన్నానమ్మా," అంది. "నిన్న తాంబూలాలు కూడా పుచ్చీసుకున్నాం."